నట్టుకో చుక్క

మా షెడ్డులో మూడువందల అరవై నాలుగు రోజులపాటు ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. నవ్వకండి. గేటు లోపలికి రాగానే ఎడంపక్కన నల్లబోర్డు ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో "తప్పు జరగని రోజులు" అని రాసి ఉంటుంది, కింద సుద్దతో అంకె ఉంటుంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి సీనియర్ అసిస్టెంటు భానోజీ గారు వచ్చి, నిన్నటి అంకె తుడిచి, ఒకటి కలిపి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవారు. తప్పు జరిగిందా లేదా అని ఎవర్నీ అడిగేవారు కాదు. అడిగితే ఎవడైనా చెప్పేస్తాడేమోనని ఆయన భయం.

నా పేరు పోలారావు. ప్రభుత్వ వాహన సంరక్షణ కేంద్రం అని గేటు మీద రాసి ఉన్న ఈ సర్కారు కార్ల షెడ్డులో ఇరవై ఏడేళ్ళ బట్టి మెకానిక్‌ని. సర్వీసింగు నా పని. ఆయిలు మార్చడం, బ్రేకులు చూడడం, చక్రాలు ఊడదీసి మళ్ళీ బిగించడం. ఇందులో గొప్పేమీ లేదు, బిగించడం మరిచిపోకుండా ఉంటే చాలు.

ఇదివరకు మేం తప్పులు చేసేవాళ్ళం. ఈ పనిలో అవి మామూలే. ఆయిలు మార్చి మూత పెట్టడం మరిచిపోతాం. ఎయిర్ ఫిల్టరు తుడిచిన గుడ్డ అందులోనే వదిలేసి బిగించేస్తాం. చేసినవాడికి ఠక్కున గుర్తొచ్చి "ఒరేయ్, మూత! మూత మర్చిపోయాన్రా!" అని గావుకేక పెట్టేవాడు. గేటు దగ్గరున్నవాడు కారుకి అడ్డం పడేవాడు. అందరం కలిసి వాణ్ణి నాలుగు తిట్టి, మూత పెట్టి, బండి పంపేవాళ్ళం. అక్కడితో సరి.

రెండేళ్ళ కిందట హెడ్డాఫీసు నుంచి ఆర్డరొచ్చింది. మా సూపరింటెండెంటు ఉమాకాంతం గారు దాన్ని నిలబడి చదివారు, మమ్మల్నీ నిలబెట్టి చదివారు.

"దోషరహిత సేవా సంవత్సరము సందర్భముగా, ఇకపై ఈ కేంద్రమునందు దోషము అనునది ఉత్పన్నము కాజాలదు."

"అంటే తప్పులు చెయ్యకూడదాండీ?" అన్నాను.

"చెయ్యకూడదు అని కాదు పోలారావ్. జరగవు. ఆర్డరు అదే చెబుతోంది, సరిగ్గా విను."

వారం తిరక్కుండానే ఒక జీపు ఆయిలంతా రోడ్డు మీద కార్చుకుంటూ వెళ్ళింది. ఎవడో కింది బోల్టు సరిగా బిగించలేదు. భానోజీ గారు కళ్ళజోడు సవరించుకుని రిజిస్టర్లో రాశారు: "కందెన ద్రవము యొక్క స్వచ్ఛంద నిష్క్రమణ." అది తప్పు కాదు కదా, ఆయిలు తనంతట తాను వెళ్ళింది. ఆయిలు మూత పెట్టకుండా పంపేస్తే "మూత యొక్క తాత్కాలిక గైర్హాజరు". ఎవడో వైర్లు మార్చి కలిపితే ఒక కారు బ్రేకు తొక్కినప్పుడల్లా హారను మోగింది. దానికి "అదనపు ధ్వని సౌకర్యము" అని రాసి, ఆ కారు ఎక్కే అధికారి దగ్గర సంతృప్తి పత్రం కూడా తీసుకున్నారు. బోర్డు మీద అంకె పెరుగుతూనే ఉంది. షెడ్డులో కేకలు ఆగిపోయాయి. మూత మరిచినవాడు తనకి గుర్తొచ్చినా నోరెత్తేవాడు కాదు. కారు గేటు దాటేదాకా గోడవైపు చూస్తూ నిలబడేవాడు.

నాకు మాత్రం ఒక అలవాటుండేది, అది ఆర్డర్ల కంటే పాతది. నాకు పని నేర్పిన మస్తానయ్య గారు చెప్పింది. నట్టు పూర్తిగా బిగించాక, అగ్గిపుల్ల ఎర్ర పెయింటులో ముంచి దాని మీద చుక్క పెట్టాలి. చుక్క ఉందంటే బిగిసినట్టు. చుక్క లేదంటే బిగియనట్టు. కారుకి నాలుగు చక్రాలు, చక్రానికి ఐదు నట్లు, మొత్తం ఇరవై చుక్కలు. ఈ జిల్లాలో సర్కారు డ్రైవర్లందరికీ ఈ సంగతి తెలుసు. అందరికంటే ఎక్కువ మా బావకి తెలుసు.

మా బావ పేరు సన్నిబాబు. మా చెల్లెలు పైడమ్మ మొగుడు, ఇదే షెడ్డులో డ్రైవరు. ఇరవై ఏడో నంబరు తెల్లకారు అతనిదే. పొద్దున్నే కారు చుట్టూ తిరిగి, వంగుని చుక్కలు చూసుకుని, "బావ సుక్కెట్టాడు" అని తనలో తను అనుకుని గాని తాళం తిప్పేవాడు కాదు.

ఇక దసరా వచ్చింది. లెక్క చూసుకుంటే పండగనాడే మూడువందల అరవై ఐదో రోజు. ఉమాకాంతం గారు పొంగిపోయారు. రాష్ట్రంలోనే మొట్టమొదటి దోషరహిత షెడ్డుగా డైరెక్టరు గారు స్వయంగా వచ్చి షీల్డు ఇస్తారట. బోర్డు మీద అంకె ఆయన చేత్తోనే వేస్తారట. దాంతోపాటు ఇంకో కార్యక్రమం కూడా ఉమాకాంతం గారే కనిపెట్టారు. పండగ ముందురోజు ఆయుధపూజలో పెట్టిన పనిముట్లను మర్నాడు తియ్యడం మామూలుగా మేమే చేసుకుంటాం. ఈసారి దానికి "పరికర విమోచన మహోత్సవము" అని పేరు పెట్టి కార్డులు అచ్చు వేయించారు. డైరెక్టరు గారు పట్టు రిబ్బను విప్పి వీల్ పానా చేతికి తీసుకునేదాకా షెడ్డులో ఏ పనిముట్టునీ ఎవరూ ముట్టుకోకూడదు.

పూజరోజు మధ్యాహ్నం ఇరవై ఏడో నంబరు నా చేతిలో ఉంది. మర్నాడు డైరెక్టరు గారిని జంక్షన్ స్టేషను నుంచి తీసుకురావలసిన కారు అదే. ఆయిలు మార్చాను, బ్రేకులు చూశాను. మూడు చక్రాలు బిగించి, చుక్కలు పెట్టాను. నాలుగోది, ఎడమవైపు ముందు చక్రం, నట్లు చేత్తో తిప్పి ఆనించి, జాకీ దింపాను. బండి నేల మీద ఆనాక పానా వేసి గట్టిగా బిగించాలి. పానా నట్టుకి తగిలించాను కూడా. అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి పానా పట్టుకుంది.

"ముహూర్తం," అన్నారు ఉమాకాంతం గారు.

"రెండు నిమిషాలండీ. ఐదు నట్లే."

"రెండూ పదికి ముహూర్తం. ఇప్పుడు రెండూ తొమ్మిది. నీ దగ్గర రెండు నిమిషాలు ఎక్కడున్నాయి?"

పానా ఆయన చేత్తోనే పట్టుకుపోయారు. షెడ్డు మధ్యలో ఎర్రగుడ్డ పరిచి, దాని మీద మా పనిముట్లన్నీ పేర్చారు. జాకీలు, పానాలు, సుత్తులు, కార్ల డిక్కీల్లో ఉండే సామాను కూడా తీయించి పెట్టారు. మధ్యలో నా వీల్ పానాకి పట్టు రిబ్బను కట్టారు. డ్రైవర్ల సెల్‌ఫోన్లు కూడా పూజలో పెట్టమన్నారు. "ఆయుధమనగా పనికి ఉపయోగపడు వస్తువు. ఫోను పనికి ఉపయోగపడునా, లేదా?" అని అడిగితే ఎవరేం చెప్తారు? ఉపయోగపడదంటే ఇంకెందుకురా నీకు అంటారు.

నేను వెళ్ళి గుమ్మడికాయ కొట్టే దగ్గర నిలబడ్డాను. హారతి, శనగలు, కొబ్బరిముక్కలు అయ్యేసరికి నాలుగైంది. తిరిగొచ్చి కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాను. ఇరవై నట్లు, ఇరవై ఎర్ర చుక్కలు. అబ్బ, అయిపోయిందన్నమాట అనుకున్నాను. పానా లాక్కున్న సంగతి గుర్తుంది. కాని చుక్కలు కళ్ళెదురుగా కనిపిస్తుంటే, లాక్కునేలోపే బిగించేశాను కాబోలు అనిపించింది. ఇరవై ఆరేళ్ళుగా నా చుక్కని నేనే నమ్ముతూ వచ్చాను మరి. చీటీ మీద సంతకం పెట్టి ఇంటికి పోయాను.

ఇది నా తప్పు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ తరవాత ఈ మాట నన్ను చెప్పనివ్వలేదు.

మర్నాడు తొమ్మిదింబావుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డుకొచ్చాను. మామిడాకుల తోరణాలు, కుర్చీలు, గేటు పక్కన సన్నాయి మేళం. పైడమ్మ మధ్యాహ్నం భోజనానికి రమ్మంది, గారెలు చేస్తోందట, బావ కార్యక్రమం అవగానే వచ్చేస్తాడట. హాయిగా లోపలికి నడుస్తుంటే భానోజీ గారి స్కూటరు కనిపించింది. దాని నట్ల మీద ఎర్ర చుక్కలు.

ఆ స్కూటరు నేను జన్మలో ముట్టుకోలేదు.

పక్కన జీపు చూశాను. దాని బంపరు బోల్టులకి చుక్కలు. గేటు బందులకి చుక్కలు. మంచినీళ్ళ కుళాయికి చుక్క.

"భానోజీ గారూ, ఈ చుక్కలు ఎవరు పెట్టారండీ?"

"నేనే!" అన్నారాయన మురిసిపోతూ. "ఒక్క నట్టు కూడా బొట్టు లేకుండా ఉండరాదని సార్ ఆదేశం. పొడి కుంకుమ రాలిపోతోందని నూనెలో కలిపి, అగ్గిపుల్లతో పెట్టాను. అచ్చం నీ చుక్కల్లాగే లేవూ?"

"ఇరవై ఏడో నంబరుకి కూడానా?"

"దానికి మూడు చక్రాలకి నువ్వే పెట్టేశావు. నాలుగో చక్రం బోసిగా ఉంటే నేను పెట్టాను."

ఎడమవైపు ముందు చక్రం, డ్రైవరు ఎడమచేతి పక్క. ఐదు నట్లూ చేత్తో ఆనించి వదిలేసినవి. కారు ఏడున్నరకే వెళ్ళిపోయింది. రైలు తొమ్మిదికి. అంటే బావ ఈపాటికి డైరెక్టరు గారిని ఎక్కించుకుని తిరుగుదారిలో ఉంటాడు. ఎదురెళ్దామంటే బైపాసు మీద వస్తాడో పాతరోడ్డు మీద వస్తాడో తెలీదు.

వెంటనే ఫోను తీసి బావకి కొట్టాను. షెడ్డు మధ్యలో, బంతిపూల కిందనుంచి, నా వీల్ పానా పక్కనుంచి ఫోను మోగింది. దాని మీద కూడా బొట్టుంది.

ఉమాకాంతం గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన అద్దం ముందు ఉపన్యాసం చూసుకుంటున్నారు.

"సార్, తప్పు జరిగింది. ఇరవై ఏడో నంబరుకి ఒక చక్రం బిగించలేదు. ఊడిపోతుంది. ఆపించాలండీ."

ఆయన తాపీగా తిరిగారు. "ఏం జరిగిందన్నావ్?"

"తప్పండీ. నాదే."

"కూర్చో పోలారావ్. మంచినీళ్ళు తాగు. ఈ కేంద్రంలో ఏడాదిగా తప్పు జరగలేదు. నిన్న జరగలేదు. ఇవాళ జరగడానికి షెడ్డుకి సెలవు. మరి నువ్వంటున్నది ఎప్పుడు జరిగినట్టు?"

"నిన్న రెండూ తొమ్మిదికి జరిగిందండీ! మీరే కదా పానా లాక్కున్నారు!"

"నేను లాక్కోలేదు. పూజకు స్వీకరించాను. సరే, నీ తృప్తి కోసం చూద్దాం. తప్పు తెలియజేయాలంటే దోష నివేదన పత్రం నింపాలి. భానోజీ గారూ, ఆ పత్రాలు ఉన్నాయా?"

"లేవండి. దోషాలు లేనందున అవసరం లేదని మార్చిలో హెడ్డాఫీసుకి తిప్పి పంపేశాం. మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది."

"చూశావా? పత్రమే లేదు. పత్రం లేనిది తప్పు ఎలా నమోదవుతుంది? నమోదు కానిది జరిగినట్టెలా అవుతుంది?"

"నమోదు అక్కర్లేదండీ బాబూ! డైరెక్టరు గారికి ఒక్క ఫోను చెయ్యండి. కారు ఆపమనండి. చాలు."

"ఫోన్ చేసి ఏమనాలి? 'అయ్యా, తమరు షీల్డు ఇవ్వడానికి వస్తున్న కారు చక్రం ఊడుతుంది' అనా? అలా అంటే ఆయన షీల్డు ఎందుకిస్తారు? షీల్డు ఇవ్వనప్పుడు ఇక్కడికి రావడం ఎందుకు? రానప్పుడు ఈ ఏర్పాట్లన్నీ ఎందుకు చేసినట్టు?"

నేను బల్ల మీద గట్టిగా చరిచాను. "అందులో మా బావ ఉన్నాడండీ!"

ఆ మాటకి భానోజీ గారు కొంచెం కదిలారు. మనిషి మంచివాడే, కాగితం దొరక్కపోతే ఏం చెయ్యాలో తెలీదు, అంతే. "ఫోను కాకుండా ఒక సందేశం పంపుదామా సార్? తప్పు అనే మాట లేకుండా?" అన్నారు. ఇద్దరూ కూర్చున్నారు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. మొదట "అత్యవసరం" అని రాసి, అత్యవసరం అంటే ఏదో జరిగినట్టు ఉంటుందని కొట్టేశారు. చివరికి పన్నెండు నిమిషాల తరవాత ఇది తేలింది:

"తమరు ఆసీనులైన వాహనము యొక్క వామ పురోభాగ చక్రము విషయమై, వీలున్న ఎడల, తీరిక సమయమున పరిశీలన జరుపదగిన అవకాశము కలదని సవినయముగా మనవి."

పంపారు. రెండు నిమిషాల్లో టింగుమని జవాబొచ్చింది. నేను దాదాపు ఆయన భుజం మీదనుంచి తొంగి చూశాను. డైరెక్టరు గారు సందేశం చూశారు. చూసి, పైన "తగు చర్య నిమిత్తం" అని రాసి, వాహనాల బాధ్యత ఎవరిదో వారికి పంపారు. వాహనాల బాధ్యత ఉమాకాంతం గారిది. అది తిరిగి ఇక్కడికే వచ్చింది.

"చూశావా! సార్ వెంటనే స్పందించారు," అన్నారు ఉమాకాంతం గారు తృప్తిగా. "ఇప్పుడు తగు చర్య మన బాధ్యత."

"అయితే ఆ పానా ఇప్పించండి. గేటు బయట రోడ్డు మీద నిలబడతాను. కారు కనపడగానే ఆపి బిగిస్తాను."

"పానా పూజలో ఉంది. డైరెక్టరు గారు వచ్చి విమోచన చేస్తే గాని తియ్యడానికి లేదు."

"డైరెక్టరు గారు రావాలంటే ఆ పానా కావాలండీ!"

"ఆ పానా కావాలంటే డైరెక్టరు గారు రావాలి," అన్నారాయన. అని, తన మాట తనకే బాగా నచ్చినట్టు భానోజీ గారి వైపు చూశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీధి చివర కొండలు అనే కుర్రమెకానిక్ షాపుంది, అక్కడికి పరిగెత్తాను. షాపు సగం తలుపు వేసి ఉంది, లోపల దీపం. "బాబాయ్, మా సామానూ పూజలోనే ఉంది. మధ్యాహ్నం ఉద్వాసన చెప్పాక ఇస్తాను," అన్నాడు. ఊరంతా పానాలు పడుకుని ఉన్నాయి. ఊళ్ళో ఒక్క నట్టు వదులైనా ఇవాళ దిక్కులేదు.

తిరిగొచ్చాను. ఎర్రగుడ్డ దగ్గరికి నేరుగా నడిచాను. అమ్మవారి పటానికి దండం పెట్టాను. "తల్లీ, మా చెల్లెలు పైడమ్మది కూడా నీ పేరే, దాని మొగుణ్ణి చూడు" అన్నాను. రిబ్బనుతో సహా వీల్ పానా లాగేశాను. బంతిపూలు చెల్లాచెదురయ్యాయి, బావ ఫోను దొర్లి కింద పడింది.

"అపచారం!" అని కేక వినిపించింది. పూజ గురించో, కార్యక్రమం గురించో తెలీలేదు, నేను వెనక్కి చూడలేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మలుపులో తెల్లకారు కనిపించింది. నడకంత మెల్లిగా వస్తోంది. ముందు ఎడమ చక్రం అటూ ఇటూ ఊగుతోంది. నేను రోడ్డు మధ్యకి దూకి, పానా తల మీదకెత్తి ఊపుతూ "ఆపు! ఆపు బావా!" అని గొంతు చించుకున్నాను. నా చేతిలో పట్టు రిబ్బను జెండాలా ఎగురుతోంది. వెనకసీట్లోంచి డైరెక్టరు గారు అద్దం దింపి, స్వాగతం బాగుందన్నట్టు నాకు చెయ్యి ఊపారు.

మా గేటు ముందు స్పీడు బ్రేకరు ఉంది. బావ బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు, కారు దాని మీదకి ఎక్కింది, ఎక్కిన చోట ధడేల్మని ఎడంపక్కకి కూలబడింది. చక్రం మాత్రం ఆగలేదు. నా పక్కనుంచి దొర్లుకుంటూ తోరణం కిందనుంచి గేటులోకి వెళ్ళింది.

సన్నాయి మేళంవాళ్ళకి ముందే చెప్పారు, కారు ముందు చక్రం గేటు దాటగానే వాయించాలని. దాటింది. వాయించారు. వాళ్ళ తప్పేమీ లేదు. పూలబుట్టలతో నిలబడ్డ ఇద్దరు గుమాస్తాలు కూడా అలవాటుగా దాని మీద పూలు జల్లారు. ముగ్గు మీదుగా, కుర్చీల మధ్యనుంచి, తిన్నగా వెళ్ళి నల్లబోర్డుకి తగిలి పడుకుంది చక్రం.

నేను కారు తలుపు లాగాను. బావ స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. దెబ్బ తగల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది, వచ్చిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

"బావా, నాదే తప్పు. బిగించలేదు."

అతను నా మొహం చూశాడు. "స్టేషన్లో వంగుని సూసాను బావా," అన్నాడు మెల్లిగా. "ఐదుకి ఐదూ సుక్కలున్నాయి. బైపాసు కాడ బండి ఊగింది. దిగి మళ్ళీ సూసాను. పానా కోసం డిక్కీ తీస్తే నిమ్మకాయుంది. ఆయనేమో టైమైపోతంది పోనీమన్నాడు. నీ సుక్కుంది కదా, ఏటీ అవదులే అని పోనిచ్చాను."

ఇరవై ఆరేళ్ళలో నన్ను అంత గట్టిగా ఎవరూ కొట్టలేదు.

ఈలోగా ఉమాకాంతం గారు పరిగెత్తుకొచ్చి డైరెక్టరు గారిని దింపారు. ఆయనకి నలిగింది కండువా ఒక్కటే. వంగి చక్రం లేని ఇరుసు వైపు చూసి, "ఏమిటిది?" అన్నారు.

భానోజీ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "చక్రము యొక్క ముందస్తు ఆగమనము సార్," అన్నారు.

డైరెక్టరు గారు షీల్డు వైపు చూశారు. రాష్ట్రంలో మొదటి షీల్డు. అది ఇస్తున్న ఫొటో రేపు పేపర్లో పడాలి. పై ఏడాది ఆయన ఇంకా పైకి వెళ్ళాలి. గొంతు సవరించుకున్నారు. "అవును. నేను కూడా గమనించాను. కార్యక్రమానికి ఆలస్యం కాకూడదని చక్రం చూపిన చొరవ..." అని ఆగారు, మిగతాది ఉపన్యాసంలో చూసుకోవచ్చని కాబోలు.

అందరూ బోర్డు దగ్గరికి నడిచారు. పడి ఉన్న చక్రానికి ఎవరో దండ కూడా వేశారు. డైరెక్టరు గారు సుద్దముక్క తీసుకుని, పాత అంకె తుడిచి, మూడువందల అరవై ఐదు వేశారు. చప్పట్లు. ఫొటో. గేటు బయట మా బావ కూలబడ్డ కారుకి చేరబడి నిలబడ్డాడు. అటువైపు ఎవరూ చూడడం లేదు.

నేను పానా పట్టుకుని జనం మధ్యనుంచి నడిచాను. పానా చూసి దారిచ్చారు. బోర్డు మీది అంకెని ఇస్త్రీ చొక్కా చేత్తో తుడిచేశాను. డైరెక్టరు గారి చేతిలోంచి సుద్ద తీసుకుని సున్నా వేశాను. పెద్దదే వేశాను.

"తప్పు జరిగిందండీ. చేసినవాణ్ణి నేను. పోలారావుని," అన్నాను మైకులో. మైకు నా ముందే ఉంది, నేనేమీ వెతుక్కోలేదు.

సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. చక్రం బిగించనందుకు కాదు, అలాంటిది జరగలేదు కదా. పూజలోంచి పానా తీసినందుకూ కాదు. మెమోలో ఉన్నది ఒకటే: "శ్రీ పోలారావు బోర్డుపై తప్పుగా సున్నా వేసినందున, ఆయనపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

జవాబు మా బావే చెప్పాడు, మధ్యాహ్నం తినాల్సిన గారెలు రాత్రి తింటూ. నేను రాసి ఇచ్చాను. నేను సున్నా వెయ్యడం తప్పయితే, ఆ రోజు షెడ్డులో తప్పు జరిగినట్టే. జరిగితే సున్నాయే ఉండాలి. నేను వెయ్యడం తప్పు కాకపోతే, సున్నా సరైనదే, ఉంచండి.

ఉమాకాంతం గారు అది మూడుసార్లు చదివారు. భానోజీ గారు ఐదుసార్లు చదివారు. న్యాయ సలహా కోసం ఫైలు హెడ్డాఫీసుకి వెళ్ళింది. సలహా వచ్చేదాకా బోర్డుని ఎవరూ ముట్టుకోరాదని ఉత్తర్వు. ఏడాదయింది. సున్నా అలాగే ఉంది. దాన్ని పెంచే పని లేక భానోజీ గారు పొద్దున్నే వచ్చి కాసేపు అటే చూసి వెళ్తున్నారు.

షెడ్డులో మళ్ళీ కేకలు మొదలయ్యాయి. మొన్న ఒకడు "మూత! మూత!" అని అరిస్తే, గేటు దగ్గర కారుకి నలుగురు అడ్డం పడ్డారు. నేను చుక్కలు పెట్టడం మానేశాను. బావ ఒప్పుకోడు. "సుక్కొద్దు బావా. నా ఎదర బిగించు," అంటాడు. పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కో నట్టు కిర్రుమనేదాకా విని, అప్పుడు గాని తాళం తీసుకోడు. నమ్మకం లేక కాదంటాడు. కావచ్చు. నేను మాత్రం గట్టిగానే బిగిస్తాను.

నిన్న మళ్ళీ ఆయుధపూజ. ఇరవై ఏడో నంబరు ఆఖరి చక్రం మీద పానా వేసి ఉండగా వెనకనుంచి ఉమాకాంతం గారి చెయ్యి వచ్చింది.

"ముహూర్తం," అన్నారు.

"రెండు నిమిషాలండీ," అన్నాను.

బావ లేచి మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. నేను ఐదు నట్లూ బిగించాను. చెయ్యి తుడుచుకుని, పానా నేనే తీసుకెళ్ళి ఎర్రగుడ్డ మీద పెట్టాను. ముహూర్తం రెండు నిమిషాలు దాటిపోయింది. అమ్మవారు ఏమీ అనలేదు.